పొద్దు పొడిస్తే చాలు పిట్ట కిటికీ అద్దాన్ని పొడుస్తాంది, ఏం చేయాల?

సుజాత_అనంత
అనంతపురంలో టౌనుకు కొంచెం ఎడంగా కొత్త లేఅవుట్లో ఇల్లు కట్టుకోని సంక్రాంతికి చేరినాము. చుట్టూ ఇంకా సగం ప్లాట్లు ఖాళీనే. కంపచెట్లు, రాళ్ల కుప్పలు. ఉగాది అయిన వారం నుంచి ఒక నల్ల పిట్ట మా తూర్పు పక్క పడకగది కిటికీకి తగులుకుంది. పిచ్చుక కంటే రవ్వంత పెద్దది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, రెక్క మీద తెల్ల మచ్చ, తోక ఎప్పుడూ పైకి నిక్కబొడుచుకోని ఉంటుంది, తోక కింద ఇటుక రంగు. పొద్దున ఐదున్నరకు మొదలు. కిటికీ గట్టు మీద వాలుతుంది, అద్దంలోకి ఒక చూపు చూస్తుంది, ఎగిరి కాళ్లతో తన్ని ముక్కుతో టక్ టక్ టక్. మళ్లీ గట్టు మీదికి. తొమ్మిది దాకా ఇదే పని. సాయంత్రం నాలుగు దాటితే మళ్లీ హాజరు.

ఆ గదిలో మా అత్త పడుకుంటుంది. మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు. రాత్రంతా నొప్పికి మేలుకోని, తెల్లారుజామున కన్ను మూతపడే టైముకు ఇది మొదలు పెడుతుంది. లోపల మందం కర్టెన్ వేసినా, ఇంకా ఎక్కువ చేసింది. చప్పట్లు కొడితే పోతుంది, నేను వంటింట్లోకి పోయేలోపు వచ్చేస్తుంది. కిటికీకి వేసింది నీలం రంగు రిఫ్లెక్టివ్ గ్లాసు.

నిన్న అద్దం తుడవబోతే ముక్కు గీతల మధ్యలో సన్నటి నెత్తురు చుక్క కనిపించింది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. పక్కింటామె ఏమో పిట్ట కిటికీ కొడితే ఇంటికి మంచిది కాదు, శాంతి చేయించండి అంటాంది. పిట్టకు దెబ్బ తగలకుండా దీన్ని మాన్పించే దారి ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

ఉగ్గాని_బజ్జీ
ఐదున్నరకంటే మా ఇంటికి కూడా పంపండక్కా, మా వాడు ట్యూషన్‌కు లేస్తాడు.

హంద్రీగట్టు
మా కర్నూల్లో బైకు అద్దాలకు ఇదే గోల. వెంకటరమణ కాలనీలో మా వీధి మొత్తం బండ్ల అద్దాలకు పాత సాక్సులు తొడిగి పెడతారు. చూసేవాళ్లకు నవ్వులాట గానీ పని చేస్తుంది. కిటికీకి సాక్సు తొడగలేం కదా, అదీ సమస్య.

దుర్భిణీ_దాసు
సుజాత గారూ, మీరు చెప్పిన గుర్తులు చూస్తే అది మగ నల్లంచి. ఆడది గోధుమ రంగులో ఉంటుంది, రెక్క మీద తెల్ల మచ్చ ఉండదు. కంప, రాళ్లు, ఎర్రనేల ఉన్నచోటే తిరుగుతుంది, కాబట్టి మీ లేఅవుట్ దానికి పుట్టిల్లు లాంటిది.

అది మీ ఇంటి మీద పగబట్టలేదు. మన పక్క మార్చి నుంచి జూన్ దాకా దీనికి గూళ్ల కాలం. మగపిట్ట తన జాగాలోకి ఇంకో మగ నల్లంచిని అడుగు పెట్టనియ్యదు. ఎవడైనా వస్తే ఎగిరిపడి తరిమేస్తుంది. మామూలుగా అయితే ఎదుటోడు రెండు నిమిషాల్లో జారుకుంటాడు. మీ అద్దంలో ఉన్నోడు మాత్రం జారుకోడు. ఇది రెక్క విప్పితే వాడూ విప్పుతాడు, ఇది మీదికి దూకితే వాడూ దూకుతాడు, ఇది అలిసిపోయి గట్టు మీద కూర్చుంటే వాడూ అక్కడే కూర్చోని దీన్నే చూస్తాంటాడు. అందుకే తెగని తగువు. ఆ కాలం పోయేదాకా, అంటే కొన్ని వారాలు, నడుస్తుంది.

కర్టెన్ ఎందుకు పనిచేయలేదంటే, నీడ పడేది అద్దం బయటి ముఖం మీద. లోపల ముదురు గుడ్డ వేస్తే వెనక చీకటై బొమ్మ ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఏం చేసినా బయట వైపు నుంచే చేయాల. ఇది ఒక్కటి పట్టుకోండి.

జొన్నరొట్టె
దాసు గారు చెప్పింది చదివితే మా జేజి గుర్తుకొచ్చింది. మా ఊర్లో వసారా గోడకు ఒక చెక్క ఫ్రేము అద్దం ఉండేది, మా తాత గడ్డం గీసుకునేది దాంట్లోనే. దూలాల సందుల్లో పిచ్చుకల గూళ్లు. ఎండాకాలం వస్తే ఒక మగ పిచ్చుక ఆ ఫ్రేము మీద కూర్చోని తల కిందికి వంచి అద్దాన్ని పొడిచేది. తాత గడ్డం గీసుకోవడం అవగానే జేజి దాని మీద తువ్వాల కప్పేది. "పాపం దానికి సవితి కనపడతాంది" అనేది. ఇంతే వైద్యం. పగలంతా కప్పి ఉండేది అద్దం, మేం తల దువ్వుకోవాలంటే తువ్వాల ఎత్తి చూసుకోని మళ్లీ వేయాల. వేయకపోతే తిట్లు.

ఉగ్గాని_బజ్జీ
మగ పిచ్చుకకు సవితి ఏంటక్కా, దాయాది అనాల.

జొన్నరొట్టె
మా జేజి లెక్క మా జేజిది తమ్ముడూ.

రాప్తాడు_రైతు
ఒక పిట్టకు ఇంత చర్చనా. నా దానిమ్మ తోటలో చిలకలు, పిగిలిపిట్టలు పండుకో బొక్క పెట్టి పోతాండాయి. పెట్టుబడి రాక మేము ఏడుస్తాంటే ఇక్కడ పిట్ట ముక్కుకు నెత్తురొచ్చిందని బాధ. పట్టుకోని సంచిలో వేసుకోని దూరంగా ఇడిసిపెట్టి రాండి, ఒక్క రోజు పని.

పులివెందుల_పద్మ
అన్నా, మీ కష్టం కష్టమే, కాదనను. కానీ పట్టి ఇడిసిపెడితే దాని గూట్లో పిల్లలుంటే? నల్లంచి పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ పురుగులు తెచ్చి పెట్టాల. ఒక్కటే ఎంతని తిరుగుతుంది ఈ ఎండల్లో.

దుర్భిణీ_దాసు
ఇంకో మాట. అడవి పిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం, గూడు చెదరగొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంటి గోడలో గూడు పెట్టినా అంతే. పైగా దీన్ని తీసుకుపోతే ఆ జాగా ఖాళీ అని ఇంకో మగది దిగుతుంది, దానికీ అదే అద్దం కనబడుతుంది. అద్దం సంగతి చూడకుండా పిట్ట సంగతి చూస్తే లాభం లేదు.

రాప్తాడు_రైతు
సరే, చట్టం తెలియదు నాకు. ఒప్పుకుంటా.

గుత్తికోట
పాత సీడీలు దారం కట్టి వేలాడదీయండి, మెరుపుకు భయపడి రాదు. మా పొలంలో కట్టినాము.

టీచరమ్మ_ఆదోని
@గుత్తికోట మా బడిలో కట్టి చూసినాం అన్నా. స్టాఫ్ రూము కిటికీకి ఒక తేనెపిట్ట, బొటనవేలంత ఉంటుంది, నీలం నలుపు కలిసిన మెరుపు, సన్నటి వంకర ముక్కు. మూడు సీడీలు కడితే రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి సీడీనే పొడవడం మొదలు పెట్టింది. సీడీ కూడా అద్దమే కదా! పిల్లలు పగలబడి నవ్వినారు.

గుత్తికోట
అయితే గద్ద బొమ్మ స్టిక్కరు?

టీచరమ్మ_ఆదోని
అదీ అయింది. గద్ద బొమ్మ కదలదు కాబట్టి నాలుగు రోజులకు దాని పక్కనే వాలేది. ఒక స్టిక్కరు ఎంత జాగా కప్పుతుంది? చుట్టూ మిగిలిన అద్దమంతా అద్దమే. చివరికి పనిచేసింది సుద్ద. చాక్‌పీసు ముక్కలు పొడి చేసి నీళ్లలో కలిపి, బయటి వైపు అద్దానికి గుడ్డతో పూసినాం. వెలుతురు వస్తుంది, నీడ మాత్రం పడదు.

ఆ పిట్ట వల్ల మాకు ఒక పాఠం కూడా దొరికింది. ఎనిమిదో తరగతి పాప "దానికి తన మొఖం తనకు తెలీదా మేడం" అని అడిగింది. అద్దంలో ఉన్నది నేనే అని గుర్తుపట్టడం జంతువుల్లో చాలా అరుదు. 1970లో చింపాంజీలకు మత్తులో ఉన్నప్పుడు మొఖం మీద రంగు చుక్క పెట్టి, లేచినాక అద్దం ముందు వదిలితే, అవి అద్దంలో చూసుకోని తమ మొఖం మీద చుక్కనే తడుముకున్నాయి. పిట్టల్లో అట్లా చేసినట్టు 2008లో యూరప్ మాగ్‌పై అనే పక్షి మీద తేలింది, అది కాకి జాతిది. మన నల్లంచి, పిచ్చుక, తేనెపిట్టలకు అద్దంలో కనపడేది పరాయి పిట్టే. ఈ మాట చెప్పినాక ఆ పాపే రోజూ సుద్ద చెరిగిందేమో చూసి మళ్లీ పూసేది.

సుజాత_అనంత
అందరికీ చాలా థ్యాంక్స్. దాసు గారూ, నల్లంచి అని గూగుల్లో చూసినా, అచ్చం అదే. ఇప్పుడే సబ్బు నీళ్లు పూసి చూస్తా, మా ఇంట్లో సుద్ద లేదు.

ఒక సందేహం. మా అత్తకు దాని మీద జాలి పుట్టి, రెండు రోజుల నుంచి కిటికీ గట్టు మీద కొర్రలు చల్లి, చిన్న మూతలో నీళ్లు పెట్టిస్తాంది. అది కొర్రలు ముట్టలేదు. తినకపోవడానికి కారణం?

దుర్భిణీ_దాసు
నల్లంచి పురుగులు తినే పిట్ట. చీమలు, చెదలు, మిడతలు, సాలీళ్లు. గింజల జోలికి పోదు. అమ్మకు నమస్కారం చెప్పండి, నీళ్లు పెట్టడం ఈ ఎండల్లో మంచి పనే, కానీ ఆ కిటికీ దగ్గర మాత్రం వద్దు. అక్కడ ఏం పెట్టినా పిట్టలు వాలడానికి ఇంకో కారణం అవుతుంది. నీళ్ల మట్టి మూకుడు కాంపౌండ్ గోడ చివర, అద్దాలకు దూరంగా నీడలో పెట్టండి.

సబ్బు నీళ్లు పల్చగా జారిపోతాయి. సబ్బు బిళ్లనే కొంచెం తడిపి అద్దం మీద అడ్డదిడ్డంగా రుద్దండి, ఆరితే తెల్లటి పొర కడుతుంది.

కిటికీల_మస్తాన్
నేను కడపలో అల్యూమినియం, యూపీవీసీ కిటికీల పని చేస్తా. ఈ మధ్య రెండు మూడేళ్ల నుంచి నెలకు ఒకరన్నా ఈ పిట్టల సంగతి అడుగుతాండారు. కారణం గ్లాసే. ముందు అందరూ సాదా గాజు, లేకుంటే చుక్కల గాజు వేసుకునేవాళ్లు. చుక్కల గాజుకు ఈ తంటా రాదు, దాంట్లో బొమ్మ పడదు. ఇప్పుడు ఎండ తగ్గుతుంది, లోపలికి కనపడదు అని రిఫ్లెక్టివ్ గ్లాసు అడుగుతారు. సాదా గాజే పగటి వెలుగులో నూటికి ఎనిమిది పాళ్లు వెనక్కి కొడుతుంది. పూత వేసిన గాజు దానికి ఎన్నో రెట్లు కొడుతుంది. బయట ఎండ, లోపల చీకటి, ఇంకేం కావాల, నిలువుటద్దమే. రాత్రి లైటు వేసుకుంటే ఇదే తిరగబడి మీ మొఖం లోపలి వైపు మీకు కనపడుతుంది, గమనించే ఉంటారు.

దోమల జాలీ ఎక్కడుందో చూడండి సుజాతమ్మా. మూడు ట్రాకుల స్లైడింగ్ అయితే జాలీ షట్టరు చాలా ఇండ్లలో లోపలి ట్రాకులో వేస్తారు. అట్లుంటే పిట్టకు ఉపయోగం లేదు. బయటి ట్రాకులోకి మార్చే వీలుంటే ఒక సగం కప్పుకుంటుంది. రెండో సగానికి వెల్క్రో జాలీ బయట నుంచి అతికించొచ్చు. జాలీ అద్దానికి ఆనుకోని ఉండకూడదు, మూడు నాలుగు వేళ్ల ఎడం ఉండాల. అప్పుడు పిట్ట దూకినా జాలీ మెత్తగా వెనక్కి నెడుతుంది, ముక్కుకు దెబ్బ తగలదు.

హంద్రీగట్టు
మస్తాన్ భాయ్, సన్ ఫిల్మ్ వేస్తే?

కిటికీల_మస్తాన్
మెరిసే ఫిల్ము వేస్తే ఇంకో రెండు పిట్టలు వస్తాయి. మసక ఫిల్ము, అదే ఫ్రాస్టెడ్ అంటారే, అది బయటి వైపు వేస్తే పనిచేస్తుంది. లోపల వేస్తే వేయనట్టే. బయటి వైపు ఫిల్ము మన ఎండకు రెండు మూడేళ్లలో పొరలు లేస్తుంది, అది ముందే చెప్తాండా.

బుగ్గవంక
ఎండాకాలం అయిపోతే పోతుంది అని పైన దాసు గారు అన్నారు. నేను ఒప్పుకోను. మాది కడప, పాలకొండల వైపు ఇల్లు. మాకు వచ్చేది జెముడుకాకి. కాకంత ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. ఆ కళ్లు దగ్గర నుంచి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. హాలు గాజు తలుపు ముందుకు నడుచుకుంటా వస్తుంది, రెక్కలు విప్పి ధడేల్‌మని తలుపును గుద్దుతుంది. ఎండాకాలమంతా ఏమీ లేదు. వానలు మొదలైనాక, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, రోజూ ఇదే.

దుర్భిణీ_దాసు
మీరు చెప్పింది నిజం అన్నా, నేను నల్లంచి ఒక్కదాని గురించే చెప్పినా, అందరికీ అదే అన్నట్టు వచ్చింది. ఒక్కో పిట్టకు ఒక్కో గూళ్ల కాలం. జెముడుకాకికి మన పక్క వానాకాలమే. మరి ఏం చేసినారు?

బుగ్గవంక
అది నేల మీద నడిచే పిట్ట కదా, దాని ఎత్తుకు చూసుకున్నా. తలుపు కింద నుంచి రెండడుగులు బయటి వైపు దినపత్రికలు అతికించినా, మైదా జిగురుతో. పైన అద్దం అట్లే వదిలేసినా. మొదటి రోజు వచ్చి పేపరు ముందు నిలబడి అటూ ఇటూ తల తిప్పి చూసింది. ఒకసారి పక్కకు పోయి గోడ వెనక వెతికింది. నిజంగా, ఎదుటోడు ఎటు పోయినాడా అని వెతికినట్టే. పోయింది. వారం దాకా రోజూ వచ్చి చూసి పోయేది, తర్వాత రావడం మానేసింది. మూడు వారాలు ఉంచి పేపరు పీకేసినా. మరుసటేడు జూన్‌లో గుర్తుపెట్టుకోని ముందే అతికించినా.

ఉగ్గాని_బజ్జీ
రోజూ పేపరు చదివే జెముడుకాకి కడపలోనే దొరుకుతుంది.

సుజాత_అనంత
సబ్బు రుద్దిన కథ చెప్తా వినండి. నిన్న సాయంత్రం పడకగది కిటికీకి బయట నుంచి మొత్తం రుద్దినా. పొద్దున ఐదున్నరకు చప్పుడు లేదు. అత్త హాయిగా పడుకుంది. సంతోషంతో కాఫీ పెట్టుకుంటాంటే వంటింటి కిటికీకి టక్ టక్! పదడుగులు పక్కకు జరిగింది, అంతే. ఇప్పుడు నా మొఖం ముందరే పొడుస్తాంది. మధ్యలో ఒక్క అద్దం ఉంది, అటు అది, ఇటు నేను. దాని ముక్కు పక్కన ఈకలు రాలిపోయి ఉండాయి. నోరు తెరుచుకోని రొప్పుతాంది. చూడలేక చేత్తో అద్దం మూసినా, నా చెయ్యి పక్కన ఇంకో చోట పొడిచింది.

పులివెందుల_పద్మ
అయ్యో. అంత దగ్గర నుంచి చూస్తే ఇంక ముద్ద దిగుతుందా.

టీచరమ్మ_ఆదోని
మాకూ ఇట్లే అయింది, చెప్పడం మరిచినా. ఆ పక్క ఉన్న కిటికీలన్నీ ఒకేసారి చేయాల. ఒకటి మూస్తే ఇంకోటి వెతుక్కుంటుంది. బాత్రూము వెంటిలేటరుతో సహా.

రాప్తాడు_రైతు
సుజాతమ్మా, సబ్బు ఎన్ని కిటికీలకని రుద్దుతావు. షేడ్ నెట్ తీసుకో. నర్సరీలకు, టమోటా నారుకు కడతాము చూడు, ఆకుపచ్చ నెట్టు. మా దగ్గర పాత ముక్కలు పడుంటాయి. ఇంటి సజ్జ కింద నుంచి కిటికీల ముందర తెర మాదిరి కిందికి వేలాడదీసి, కింద ఒక కర్రో పైపో చుట్టి బరువు కట్టు. ఒక్క నెట్టు ఆ పక్క గోడ మొత్తం కప్పుతుంది. గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది, ఇల్లు చల్లగా కూడా ఉంటుంది. బిర్రుగా లాగి కట్టు. వదులుగా మడతలుంటే పిట్ట కాలు చిక్కుకుంటుంది, తోటల్లో నేను చూసినా, చిక్కుకుంటే రెక్క ఇరుచుకుంటాయి. నేను వాటి మీద కోపంగా మాట్లాడినా గానీ చిక్కుకున్నవాటిని కత్తెరతో దారం కోసి వదిలేది నేనే.

జొన్నరొట్టె
రైతన్నా, ఈ ఒక్క పోస్టుకు వంద దండాలు.

దుర్భిణీ_దాసు
బిర్రుగా అన్న మాట చాలా ముఖ్యం. రైతు గారు చెప్పింది నా సలహాల కంటే మేలైనది. నాకు ఇన్నేళ్లూ షేడ్ నెట్ తోచలేదు.

నంద్యాల_నాగరాజు
ఇదే అంశం అనుకోని రాస్తాండా, తప్పయితే చెప్పండి. పోయిన అక్టోబరులో మా ఆఫీసు ముందు పెద్ద గాజు గోడకు ఒక రంగురంగుల పిట్ట ధబ్‌మని కొట్టుకోని కింద పడింది. వీపు పచ్చ, రెక్కలో నీలం, కడుపు కింద ఎరుపు, తోక మొండి. కాసేపు కదిలి చనిపోయింది. అదీ నీడతో కొట్లాటేనా?

దుర్భిణీ_దాసు
కాదు నాగరాజు గారూ, రెండూ వేరు. అది పొన్నంగి పిట్ట. వానాకాలం ఉత్తరాన, చలికాలం దక్షిణాన గడుపుతుంది, మన మీదుగా రాత్రిపూట ప్రయాణం. తెల్లారి అలిసిపోయి దిగుతుంది. గాజులో చెట్టు, ఆకాశం కనబడితే దారి ఉందనుకోని నిండు వేగంతో వస్తుంది. కొట్లాడే పిట్టకు గాయాలౌతాయి, అలసిపోతుంది గానీ చాలావరకు ప్రాణం పోదు. ఇట్లా గుద్దుకునేవాటికి పోతుంది. ఒక్క అమెరికాలోనే ఏటా 36 కోట్ల నుంచి 98 కోట్ల దాకా పక్షులు గాజుకు గుద్దుకోని చనిపోతున్నాయని 2014లో అక్కడి శాస్త్రవేత్తలు అంచనా వేసినారు. మన దగ్గర గాజు భవనాలు ఇప్పుడిప్పుడే లేస్తాండాయి.

దానికి మందు గాజు బయటి ముఖం మీద చుక్కలో గీతలో, రెండంగుళాలకు మించి ఎడం లేకుండా. ఒక పిట్ట పడి స్పృహ తప్పి ఉంటే, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ మీద పెట్టి మూసి, చీకట్లో, చప్పుడు లేనిచోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గంట తర్వాత బయటికి తీసుకుపోయి పెట్టె తెరిస్తే, బాగుంటే అదే ఎగిరిపోతుంది.

ఈ పొన్నంగి జాతికి శాస్త్రవేత్తలు ప్రపంచమంతటా వాడే పేరు "పిట్టా". మన తెలుగు మాటే.

నంద్యాల_నాగరాజు
మేము దానికి మూతతో నీళ్లు పోసినాము సార్. తెలియక చేసినాము.

దుర్భిణీ_దాసు
బాధపడొద్దు. అంత వేగంతో తగిలితే లోపల దెబ్బ ముందే తగిలి ఉంటుంది. ఆ గోడకు గీతల సంగతి మీ పెద్దసారుతో మాట్లాడండి, అక్టోబరు మళ్లీ వస్తుంది.

గుత్తికోట
శాంతి గురించి ఎవరూ చెప్పలేదు. మా పెద్దలు కూడా అపశకునం అనే వాళ్లు. పూర్తిగా కొట్టిపారేయకండి.

జొన్నరొట్టె
మా జేజికి కూడా శకునాలు పట్టింపే. పిల్లి ఎదురొస్తే కూర్చోని నీళ్లు తాగి పోయేది. అయినా ఆ పిచ్చుక అద్దం పొడిస్తే అపశకునం అనలేదు, తువ్వాల కప్పింది.

టీచరమ్మ_ఆదోని
పూజ చేయించుకుంటే మనసుకు నెమ్మది అనుకుంటే చేయించుకోండి, అది మీ ఇష్టం. కానీ పూజ తర్వాత కూడా గాజు గాజే కాబట్టి నెట్టు కట్టడం మానొద్దు. అంతవరకే నా మాట.

పులివెందుల_పద్మ
మన చిలమత్తూరు మండలం వీరాపురానికి ఎవరన్నా పోయినారా? ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి మధ్యలో చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఇండ్ల మీద రెట్టలు, వాసన, చప్పుడు. అయినా ఊరోళ్లు వాటి జోలికి ఎవర్నీ రానియ్యరు. అవి వస్తే వానలు, పంటలు బాగుంటాయని వాళ్ల నమ్మకం. పిట్ట ఇంటికి రావడం మంచి శకునం అని కూడా మన సీమలోనే ఉంది కదా.

సుజాత_అనంత
నాలుగు రోజులైంది, చెప్తానని చెప్పి ఆలస్యం చేసినా.

రైతన్న చెప్పినట్టే చేసినాము. మా ఆయన పాత ఊరి నుంచి షేడ్ నెట్ తెచ్చినాడు. సజ్జకు కొక్కేలు కొట్టి, కింద ప్లాస్టిక్ పైపు దూర్చి, రెండు పక్కలా బిర్రుగా లాగి కట్టినాము. తూర్పు పక్క నాలుగు కిటికీలూ దాని వెనకే. గాజుకు నెట్టుకు జానెడు ఎడం. మొదటి రోజు పొద్దున వచ్చి, కాంపౌండ్ గోడ మీద కూర్చోని తోక ఎత్తి దించి, ఎత్తి దించి చాలాసేపు చూసింది. నెట్టు మీద ఒక్కసారి వాలింది. గోళ్లతో పట్టుకోని ఒక నిమిషం వేలాడి పోయింది. మళ్లీ రాలేదు. అత్త రెండు రాత్రులు మాత్ర లేకుండా పడుకుంది.

ఇంకోటి. నీళ్ల మూకుడు గోడ చివర పెట్టినాను కదా, అక్కడ కట్టడానికి తెచ్చి మిగిలిన కడప బండలు నిలబెట్టి ఉంటాయి. నిన్న అత్త వాకరు పట్టుకోని నిదానంగా అంతదూరం నడిచి కుర్చీ వేయించుకోని కూర్చుంది. సాయంత్రం నన్ను పిలిచి చేత్తో సైగ చేసింది, మాట్లాడొద్దని. గోధుమ రంగు పిట్ట నోట్లో మిడత పట్టుకోని బండల సందులోకి దూరింది. లోపల నుంచి సన్నగా కీచు కీచు. అది బయటికి వస్తానే మన నల్లోడు ఏదో పురుగుతో తయారు. ఫోను లైటు వేసి చూద్దామని పిల్లోడు పోతే అత్త కర్ర అడ్డం పెట్టింది.

ఆ బండలు వచ్చే వారం మేస్త్రీ తీసుకుపోతానన్నాడు. జూన్ దాకా ముట్టొద్దని ఫోను చేసి చెప్పినా.

దుర్భిణీ_దాసు
చాలా మంచి పని. పిల్లలు ఎగిరిపోయినాక కూడా ఇంకో పదిరోజులు ఆగండి, అదే చోట రెండోసారి గుడ్లు పెట్టొచ్చు.

రాప్తాడు_రైతు
కర్ర అడ్డం పెట్టిన పెద్దామెకు నా దండం.

ఉగ్గాని_బజ్జీ
అక్కా, నిజంగానే అడుగుతాండా, ఇప్పుడు మా ఇంటికి వచ్చింది. పిగిలిపిట్ట, స్కూటీ అద్దం మీద. సాక్సు ఏ సైజు తొడగాల?

హంద్రీగట్టు
పిల్లోళ్ల స్కూలు సాక్సు సరిపోతుంది తమ్ముడూ. బండి తీసేటప్పుడు పీకి డిక్కీలో వేసుకో, లేకుంటే వెనక లారీ కనపడదు.

అనంత_అరుణ
సుజాతక్కా, మాదీ మీ పక్క లేఅవుట్టే, అదే నీలం గ్లాసు, మాకూ నిన్నటి నుంచి మొదలైంది. నెట్టు ఎంత పొడవు పట్టింది? పైపు ఏ సైజు?

సుజాత_అనంత
పొడవు ఇరవై అడుగులు, ఎత్తు ఆరడుగులు తీసుకున్నాము అరుణా, పైన కొక్కేలకు మడతపెట్టడానికి అరడుగు పోతుంది. ముప్పావు అంగుళం నీళ్ల పైపు చాలు, లోపల ఇసుక పోసి రెండు చివర్లు మూయి, గాలికి ఊగదు. ముందు మీ గోడ చుట్టూ రాళ్ల సందులు ఒకసారి దూరం నుంచి చూసుకో, గూడు ఎక్కడుందో తెలిస్తే ఆ పక్క కొక్కేలు కొట్టేటప్పుడు మెల్లగా కొట్టించొచ్చు.